చిన్న పవర్ స్టేషన్ కొనే ముందు చూడాల్సినవి

ఏ పవర్ స్టేషన్ (కరెంటు లేనిచోట వస్తువులు నడపడానికి మోసుకెళ్ళగలిగే బ్యాటరీ డబ్బా) కొనాలి అని ఎవరడిగినా నేను తిరిగి అడిగేది ఒకటే, దానికి ఏం తగిలిస్తారు, ఎన్ని గంటలు నడవాలి? ఇది తేలకుండా మోడల్స్ పక్కపక్కన పెట్టి చూసి లాభం లేదు.

డబ్బా మీద పెద్దక్షరాల్లో ఉండే వాట్లు ఒకేసారి ఎంత లోడ్ లాగుతుందో చెప్తాయి అంతే, ఎంతసేపు అనేది వాట్ అవర్స్‌లో, అంటే బ్యాటరీలో మొత్తం ఎంత కరెంటు పడుతుందనే లెక్కలో ఉంటుంది. ఎకోఫ్లో రివర్ 2 తీసుకోండి, 256 వాట్ అవర్స్, 300 వాట్లు. బ్లూయెట్టి ఈబీ3ఏ 268 వాట్ అవర్స్, 600 వాట్లు. చూడగానే రెండోది డబుల్ అనిపిస్తుంది గానీ లోపల బ్యాటరీ దాదాపు అంతే, 600 వాట్లూ లాగితే అరగంట కూడా రాదు. అరలీటరు నీళ్ళు మరగబెట్టడానికే 45 వాట్ అవర్స్ దాకా పోతుంది, అందుకే వేడి చేసే వస్తువుల్ని ఇంత చిన్నదానికి తగిలించొద్దనే అంటాను.

ఇంకోటి, దీన్ని చాలామంది పట్టించుకోరు, నా లెక్కలో మాత్రం అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఏసీ బటన్ (ఇంట్లో ప్లగ్గులకి వచ్చేలాంటి కరెంటు ఇచ్చేది) నొక్కగానే, బ్యాటరీ కరెంటుని అలా మార్చే లోపలి ఇన్వర్టర్ తన కోసం తాను కరెంటు తినడం మొదలుపెడుతుంది, ఏమీ తగిలించకపోయినా సరే. మోడల్‌ని బట్టి 5 నుంచి 10 వాట్లు, కొన్నిట్లో ఇంకా ఎక్కువే. వైఫై రౌటర్ తినేదే 10 వాట్ల లోపు, అంటే దాన్ని ఏసీ సాకెట్‌లో పెడితే సగం బ్యాటరీ ఇన్వర్టర్‌కే పోయినట్టు. 256 వాట్ అవర్స్‌తో అలా 12 గంటలు వస్తే గొప్ప, అదే రౌటర్‌ని ఇన్వర్టర్‌తో పనిలేని 12 వోల్ట్ డీసీ పోర్ట్ నుంచి నేరుగా నడిపితే 20 గంటలు దాటుతుంది. రౌటర్ అడాప్టర్ మీద 12 వోల్ట్స్ అని ఉందో లేదో, పిన్ సైజు సరిపోతుందో లేదో, ఆ డీసీ అవుట్‌పుట్ రెగ్యులేటెడ్ (వోల్టేజ్ మారకుండా నిలకడగా ఉండేది) అవునో కాదో చూసుకోండి. ల్యాప్‌టాప్‌ని కూడా వీలైతే టైప్ సీ నుంచే ఛార్జ్ చెయ్యండి. తక్కువ లోడ్ ఉంటే కాసేపటికి తనే ఆగిపోయే సెట్టింగ్ కొన్నిట్లో ఉంటుంది, రాత్రంతా నడవాల్సిన వస్తువుంటే ఆ సెట్టింగ్ ఆఫ్ చెయ్యాలి.

బ్యాటరీ రకం విషయంలో నాకు రెండో మాట లేదు, ఎల్ఎఫ్‌పీనే (లిథియం ఐరన్ ఫాస్ఫేట్). పాత ఎన్ఎంసీ (నికెల్ మాంగనీస్ కోబాల్ట్) రకం 500, 800 సైకిల్స్ (ఒకసారి నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) దగ్గర నీరసపడుతుంది, ఎల్ఎఫ్‌పీ 2000 పైన లాగుతుంది. బరువు కాస్త ఎక్కువ, పర్లేదు. ఒకటే జాగ్రత్త, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చెయ్యకూడదు. ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ (ఇంటి కరెంటులా నున్నటి అలగా వచ్చేది) కాకపోతే అసలు చూడొద్దు. విమానంలో తీసుకెళ్దామనుకునేవాళ్ళు ఈ సైజు మర్చిపోవాలి, పర్మిషన్ లేకుండా 100 వాట్ అవర్స్, ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే 160, అంతే.

సోలార్ ప్యానెల్ విడిగా కొనేట్టయితే ప్యానెల్ వెనకాల ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ (దేనికీ తగిలించనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజ్) అని రాసుంటుంది, అది పవర్ స్టేషన్ తీసుకోగలిగే లిమిట్ లోపలే ఉండాలి, దాటితే లోపల సర్క్యూట్ పోతుంది. వాట్లు ఎక్కువైతే అది తనకి కావాల్సినంతే తీసుకుంటుంది, వోల్టేజ్‌తో మాత్రం అలా కుదరదు.

ఫోన్లు, ల్యాప్‌టాప్, రౌటర్ వరకే అయితే 300 వాట్లది, తేలిగ్గా ఉన్నది తీసుకోండి. ఫ్యాన్ చప్పుడు గురించి రివ్యూల్లో వెతకండి, పడుకునే గదిలో పెడితే అదే పెద్ద బాధ. వాడకుండా పక్కన పెట్టేస్తే సగం ఛార్జ్‌తో పెట్టి మూడు నెలలకోసారి చూసుకోండి, అప్పుడప్పుడు ఫుల్ ఛార్జ్ చేస్తే పర్సంటేజ్ కూడా సరిగ్గా చూపిస్తుంది.