పెదవి ముందు, మాట వెనక

పదకొండు దాటినా ఆ వీడియో బుర్రలోంచి పోవట్లేదు. కారే కుళాయికి వాషర్ మార్చడం ఎలాగో ఎవరో ఫోనుతో తీసి పెట్టింది, పన్నెండు నిమిషాలు. మొదట్లో బాగానే ఉంది. సగానికి వచ్చేసరికి మనిషి నోరు మూశాక మాట వినపడుతోంది.

టీవీవాళ్లు ఇలాంటిది తేలిగ్గా వదలరు. శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా, 125 వెనకబడినా జనం పసిగడతారని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ లెక్క. ముందొస్తే త్వరగా దొరికిపోతుంది. మెరుపు తర్వాతే ఉరుము వినడం మన చెవికి అలవాటు మరి.

ఇక్కడ జరిగేది ఇదీ. వెలుతురు తగ్గితే ఫోను సెకనుకు 30 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, తీయలేక 27కో 24కో దిగుతుంది. కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు అన్నీ 30 లెక్కనే పేర్చేస్తాయి. బొమ్మ పరుగెడుతుంది, శబ్దం దాని నడక అది నడుస్తుంది. ఎడిట్‌కు ముందే ఫోనులోని అసలు ఫైలును హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఫ్రేమ్ రేటు 30, పక్కన 'కాన్‌స్టంట్' (మారనిది) పెట్టి మార్చుకుంటే గొడవే ఉండదు. అది మానేసి టైమ్‌లైన్‌లో ఆడియోను జరుపుతారు. జరిపిన చోట కుదురుతుంది, రెండు నిమిషాలకు మళ్లీ మొదలు. ఒళ్లు మండేది అక్కడే.

పైగా టీవీ చూపించనిది మేం చూపిస్తామని ఈ ఫోను వీడియోలవాళ్ల గొప్పలు. అదీ పూర్తిగా అబద్ధం కాదులెండి. 1963 నవంబర్ 22న డల్లాస్‌లో అమెరికా అధ్యక్షుడు కెనడీ మీద కాల్పులను అందరికంటే స్పష్టంగా పట్టింది టీవీ కెమెరా కాదు, అబ్రహాం జప్రూడర్ అనే బట్టల వ్యాపారి చేతిలోని 8 ఎంఎం కెమెరా. 486 ఫ్రేములు, 26 సెకన్ల పైచిలుకు. లైఫ్ పత్రిక హక్కులు కొనేసి విడి బొమ్మలుగా అచ్చేసింది. అమెరికా జాతీయ టీవీలో అది కదలడం జనం చూసింది 1975 మార్చిలో! పదకొండేళ్లు తాళం వేరేవాళ్ల దగ్గర. అన్నట్టు అందులో శబ్దమే లేదు, మాటా బొమ్మా విడిపోయే బాధా లేదు.

ఇంతకీ ఆ కుళాయి... టీవీవాళ్లయితే మూడు నిమిషాలకు కుదించేవాళ్లు. ముందు ఎగిరిపోయేది గార కట్టి బిగుసుకున్న మర దగ్గరి తంటా: స్క్రూడ్రైవర్ జారడం, మర తల అరగడం, వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి ఆగడం, మళ్లీ తిప్పడం. కుళాయి విప్పేవాడికి కావలసింది అదే. మాట వెనకబడితేనేం, చేతులు కనిపిస్తున్నాయిగా.

అయినా చప్పట కొడితే వాళ్ల సొమ్మేం పోయింది? రికార్డింగ్ మొదట ఒకటి, చివర ఒకటి. రెండు చోట్లా చేతులు కలిసిన బొమ్మకూ చప్పుడుకూ తేడా ఒకటే అయితే ఆడియోను ఒక్కసారి జరిపితే సరి. చివర పెరిగిందంటే హ్యాండ్‌బ్రేకే దిక్కు.