సామ్దో దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను

మనాస్లు అనే హిమాలయ శిఖరం చుట్టూ ఒక్కడినే తిరిగొస్తానంటే, మేం వెళ్ళిన 2023 అక్టోబరులో నేపాల్‌లో పర్మిట్ ఇచ్చేవారు కాదు. కనీసం ఇద్దరుండాలి. వెంట లైసెన్సున్న గైడ్ ఉండాలి. కాగితాలు కూడా రిజిస్టరైన ట్రెక్కింగ్ ఏజెన్సీ ద్వారానే పెట్టాలి. నా స్నేహితుల్లో ఎవరికీ పదిహేను రోజుల సెలవు దొరకలేదు. చివరికి మా బావమరిది వస్తానన్నాడు. వాడికి ఇరవై ఆరు, నాకు నలభై మూడు. ఈ తేడా ముందు ముందు నా తలకాయ మీదికి వచ్చింది.

ఇన్ని షరతులెందుకంటే, దారి టిబెట్ సరిహద్దుకు బాగా దగ్గరగా పోతుంది. బూఢీ గండకి నదిని పట్టుకుని పైకి పైకి వెళ్ళి, 5,106 మీటర్ల ఎత్తున్న లార్క్యా లా అనే కనుమ దాటి, అవతల మర్స్యాంగ్దీ లోయలోకి దిగాలి. విదేశీయుల్ని ఈ దారిలోకి రానివ్వడం మొదలైంది 1991లోనే. పర్మిట్ రుసుము అప్పట్లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మొదటి ఏడు రోజులకు మనిషికి 100 డాలర్లు, ఆపైన రోజుకు 15 డాలర్లు ఉండేది. ఇది కాక మనాస్లు, అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతాలకు వేరు వేరు పర్మిట్లు. సార్క్ దేశాల వాళ్ళకు అవి అప్పుడు ఒక్కొక్కటి 1,000 నేపాలీ రూపాయలు ఉండేవి. మనకు నేపాల్ వీసా అక్కర్లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పింది. గైడ్ మాత్రం ఏజెన్సీ ఆఫీసులో కూర్చుని, పర్మిట్‌లో రెండు రోజులు ఎక్కువ రాయించమని పట్టుబట్టాడు. అనవసరంగా ముప్ఫై డాలర్లు వదిలిస్తున్నాడని మనసులో తిట్టుకున్నాను.

నాలుగు నెలలు బ్యాగులో పది కిలోల బరువు పెట్టుకుని అపార్ట్‌మెంట్ మెట్లు ఎక్కి దిగాను. కాళ్ళకు అది బాగా పనికొచ్చింది. ఎత్తుకు మాత్రం ఇంటి దగ్గర చేసే సాధన ఏదీ పనికిరాదని పుస్తకాల్లో చదివాను. చదివి తలూపాను కూడా. లోపల మాత్రం మెట్లు ఎక్కినవాడికి ఏమవుతుందిలే అనే ఉంది.

కాఠ్మాండూ నుంచి మాఛా ఖోలా దాకా జీపు. ఆ రోజు గురించి ఎక్కువ చెప్పను. నడుముకు అది ట్రెక్ మొత్తంలోకీ కష్టమైన రోజు. మర్నాటి నుంచి నడక. మొదటి మూడు రోజులు వెయ్యి, రెండు వేల మీటర్ల మధ్యే ఉంటాం కాబట్టి చెమటలు కారిపోతాయి, చలి అన్న మాటే ఉండదు. లోయ ఇరుకు. నది హోరు చెవుల్లో నిద్రలో కూడా వినిపిస్తుంది. వేలాడే వంతెనలు ఎన్ని దాటామో లెక్క మరిచిపోయాం. కొన్నిచోట్ల కొండ ఒక పక్క మొత్తం కూలి, ఇంకా పచ్చబడకుండా ఉంది. 2015 ఏప్రిల్ 25న వచ్చిన భూకంపానికి కేంద్రం బార్పాక్, ఇదే గోర్ఖా జిల్లాలో. అప్పుడు ఈ దారి చాలాచోట్ల తెగిపోయింది.

ఈ దిగువ భాగంలో అసలు ప్రమాదం కంచర గాడిదలు. బియ్యం బస్తాలు, గ్యాస్ సిలిండర్లు మోసుకుంటూ పది పదిహేను ఒక్కసారిగా వస్తాయి. మెడ గంట వినపడగానే కొండ వైపుకు ఒదిగి నిలబడాలి, లోయ వైపు అసలు నిలబడకూడదు. వాటికి తమ వీపు మీది మూట ఎంత వెడల్పుందో తెలియదు. తగిలితే మనం నదిలో ఉంటాం. మా గైడ్ మొదటి రోజే ఇది మాకు బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పాడు.

గైడ్‌ని మేం దాయీ అని పిలిచేవాళ్ళం. నేపాలీలో అన్న అని. అతనూ నన్ను దాయీ అనేవాడు. మా ఇద్దరిలో ఎవరు పెద్దో చివరిదాకా తేలలేదు. హిందీలో మాట్లాడుకునేవాళ్ళం, నా హిందీకి అతను చాలా ఓర్చుకున్నాడు. అతని నోట ఎక్కువగా వచ్చే మాట "బిస్తారై". నెమ్మదిగా అని అర్థం. మా బావమరిది రెండు మెట్లు ఒకేసారి ఎక్కినప్పుడల్లా వెనక నుంచి "బిస్తారై భాయ్" అని వినపడేది. వాడు ఆగేవాడు కాదు. వాడు ఆగడం లేదు కదా అని నేనూ ఆగేవాణ్ణి కాదు.

జగత్‌లో పర్మిట్ చూసి ముద్ర వేస్తారు. దేంగ్ దాటాక ఊళ్ళ రూపు మారుతుంది. రాళ్ళ మీద మంత్రాలు చెక్కిన మణి గోడలు మొదలవుతాయి. వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవాలి, గుడి ప్రదక్షిణం లాగానే. నమ్‌రుంగ్ నుంచి పైన ఉండేది నుబ్రీ ప్రజలు. మాటా, బట్టా, గొంపాలనే బౌద్ధ మఠాలూ అన్నీ టిబెటన్ తీరు. నమస్తే పోయి తాషి దెలేక్ వచ్చింది. భోజనం మాత్రం అన్నిచోట్లా దాల్ భాత్. అన్నం, పప్పు, ఆకుకూర, చాలనేదాకా మళ్ళీ మళ్ళీ వడ్డిస్తారు. "దాల్ భాత్ పవర్, ట్వంటీ ఫోర్ అవర్" అని టీషర్టుల మీద కూడా ఉంటుంది. పప్పన్నం తిని పెరిగిన మాకు ఆ విషయం ఒకరు చెప్పాల్సిన అవసరం లేదు.

ఐదో రోజు ల్హో. 3,180 మీటర్లు. తెల్లవారుజామున తలుపు తీస్తే ఎదురుగా మనాస్లు, రెండు కొమ్ములతో, గొంపా వెనక. మొదట లేత గులాబీ, తర్వాత పసుపు, తర్వాత చూడలేనంత తెలుపు. టీ చల్లారిపోయినా తెలియలేదు.

నేను మొదటి తప్పు చేసింది కూడా ల్హోలోనే. ఎత్తు పడక జబ్బు చేయకుండా డాక్టరు డయామాక్స్ అనే మాత్ర 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు వేసుకోమన్నాడు. దానివల్ల వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది. ఆ చలిలో రాత్రి మూడుసార్లు లేచి, తలకు దీపం కట్టుకుని, ముంగిట్లో ఉన్న దొడ్డికి పోవాలంటే ప్రాణం పోయేది. ఎవరికీ చెప్పకుండా మానేశాను.

రెండో తప్పు సామాగావ్‌లో. 3,530 మీటర్లు. అక్కడ ఒక రోజు ఆగాలి. మూడు వేలు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి అదే చోట ఇంకో రాత్రి ఉండాలి. ఆ ఆగిన రోజు బీరేంద్ర తాల్ అనే హిమానీనదపు సరస్సు దాకా వెళ్ళొద్దామని దాయి అన్నాడు. గంట నడక. మా బావమరిది మనాస్లు బేస్ క్యాంప్ అన్నాడు. అది 4,800 మీటర్ల పైన. వాడు వెళ్తుంటే నేను సరస్సు ఒడ్డున కూర్చుంటానా? వెళ్ళాను. వాడి వెనకే, వాడి వేగంతోనే. లీటరు నీళ్ళు కూడా తాగలేదు. మధ్యాహ్నం మూడింటికి మబ్బు కమ్మి, మంచు రాలుతుంటే దిగాం. రాత్రి అలసట అనుకుని పడుకున్నాను.

సామాగావ్ వాళ్ళకు కొండ మీదికి ఎగబాకేవాళ్ళను ఆపిన చరిత్ర ఉందని ఆ రాత్రి పొయ్యి దగ్గరే విన్నాను. 1953లో జపాన్ వాళ్ళు ఎక్కబోయి వెనక్కి తిరిగారు. ఆ తర్వాత హిమపాతం పడి గొంపా కూలి, మనుషులు చనిపోయారు. దేవతకు కోపం వచ్చిందని ఊరివాళ్ళు 1954లో వచ్చిన జట్టును అడ్డుకున్నారు. వాళ్ళు గణేశ్ హిమాల్ వైపు వెళ్ళిపోయారు. చివరికి 1956 మే 9న తోషియో ఇమానిషి, గ్యాల్జెన్ నోర్బూ షేర్పా 8,163 మీటర్ల ఆ శిఖరం మీద నిలబడ్డారు. అడ్డుకున్న మాటే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది, ఎందుకంటే రెండు రోజుల్లో నన్నూ ఆపారు.

మర్నాడు సామ్దో. మూడు గంటల నడక, పెద్ద ఎక్కుడు కూడా కాదు. అక్కడికి చేరేసరికి నుదుటి మీద ఎవరో తాడు బిగించినట్టుంది. పారాసెటమాల్ వేసుకున్నాను, గదిలో, తలుపేసుకుని. రాత్రి దాల్ భాత్ సగంలో వదిలేశాను. అర్ధరాత్రి బయటికెళ్ళి వాంతి చేసుకున్నాను. బావమరిది గురకలు వింటూ తెల్లవార్లూ ఒకటే లెక్క: రేపు కనుమ కింద ఆఖరి మజిలీ అయిన ధర్మశాల, ఎల్లుండి కనుమ, ఎలాగో రెండు రోజులు ఓర్చుకుంటే అవతల దిగుడే కదా. ఈ లెక్కే మనుషుల్ని చంపుతుందని అప్పుడు తోచలేదు. తలనొప్పితో ఇంకా పైకి పోతే అది మెదడు వాపుగానో, ఊపిరితిత్తుల్లో నీరుగానో మారొచ్చు. అవతలి దిగుడుకు చేరాలంటే ముందు 5,106 ఎక్కాలి.

పొద్దున్న వాడు లేచి నన్ను చూసి, "బావా, నీ మొహం ఏంటి పూరీలా ఉబ్బింది?" అన్నాడు.

నిద్ర సరిపోలేదన్నాను. వాడు వినలేదు, నేరుగా వంటింట్లోకి పోయి దాయిని పిలుచుకొచ్చాడు. దాయి ఏమీ అడగలేదు. నా వేలికి ఆక్సిమీటర్ పెట్టాడు. రక్తంలో ఆక్సిజన్ 74 శాతం. బావమరిదికి 86. తర్వాత ముంగిట్లో నేల మీద కర్ర పెట్టి, దాని వెంబడి మడమకు బొటనవేలు ఆనించి నడవమన్నాడు. తూలకుండా నడిచాను. పాసయ్యానని నవ్వాను.

"అందుకే నడిచి దిగుతున్నావు. తూలి ఉంటే హెలికాప్టర్ పిలిచేవాణ్ణి" అన్నాడు. తర్వాత, "నాకు రాత్రే తెలుసు దాయీ. దాల్ భాత్ వదిలేసినవాడి మాట నేను నమ్మను. తెల్లారాక ఎలా ఉంటావో చూద్దామని ఆగాను" అన్నాడు. రాత్రి నా గది బయట రెండుసార్లు వచ్చి నిలబడ్డాడట.

నేను వాదించాను. సిగ్గుపడాల్సినంత వాదించాను. డబ్బు ఎక్కువిస్తానన్నాను కూడా. అతను అప్పటికే నా బ్యాగు సర్దడం మొదలుపెట్టాడు.

సామాగావ్‌కు దిగుతుంటే, పైకి పోతున్న గుంపులు ఎదురొచ్చాయి. ఒక్కొక్కరికీ కారణం చెప్పాల్సి వచ్చింది. రెండు గంటల తర్వాత, సరిగ్గా ఎక్కడో గుర్తులేదు, నుదుటి మీది తాడు వదులైంది. కేవలం మూడు వందల యాభై మీటర్లు దిగాం. మధ్యాహ్నానికి ఆకలేసింది. రెండుసార్లు అన్నం వేయించుకున్నాను. డయామాక్స్ మానేసిన సంగతి అప్పుడు ఒప్పుకున్నాను. మా బావమరిది నావైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

లాడ్జిలో వైఫై కార్డు కొని ఇంటికి ఫోన్ చేశాను. ఇక్కడ చాలా బాగుంది, ఇంకో రోజు ఉండి పోదామనుకుంటున్నాం అని మా ఆవిడకు చెప్పాను.

రెండు రాత్రులు అక్కడే. సరస్సు ఒడ్డున కూర్చున్నాను, ఎట్టకేలకు. ఆకుపచ్చ నీళ్ళలోకి పైనుంచి మంచు గడ్డలు విరిగిపడుతుంటే, కాసేపటికి ఆ చప్పుడు మన దాకా వస్తుంది. అనవసరం అనుకున్న ఆ ముప్ఫై డాలర్ల రెండు రోజులు ఇలా ఖర్చయ్యాయి.

మళ్ళీ సామ్దో, ఈసారి నాలుగున్నర గంటలు. దాయి ముందు, నేను మధ్య, బావమరిది వెనక. వాణ్ణి వెనక పెట్టింది దాయే. ముందు నడిచేవాడి మడమలు తప్ప ఏమీ చూడకు, మాట్లాడుతూ నడవలేకపోతే వేగం ఎక్కువైనట్టే అన్నాడు. మర్నాడు ధర్మశాల, 4,460. పేరుకు ధర్మశాల గానీ రాతి గదులు కొన్ని, గుడారాలు కొన్ని, లెక్కకు మించి జనం. సాయంత్రం ఐదుకే పడక. ఫోనూ బ్యాటరీలూ స్లీపింగ్ బ్యాగులో పెట్టుకున్నాం. నీళ్ళ సీసాలు తలకిందులుగా పెట్టమన్నాడు దాయి. మంచు పైనుంచి కడుతుంది కాబట్టి, సీసా బోర్లిస్తే మూత దగ్గర గడ్డకట్టదు.

నాలుగింటికి బయల్దేరాం. ముందూ వెనకా దీపాల వరస, బూట్ల కింద మంచు కరకర. లార్క్యా లా నిట్టనిలువు ఎక్కుడు కాదు, రాళ్ళ గుట్టల మీదుగా ఎంతకీ తెగని వాలు. ఇదే చివరిది అనుకున్న గుట్ట ఎక్కగానే ఇంకోటి ఉంటుంది. దారి తప్పకుండా కర్రలు పాతి ఉంటాయి. నేను కర్ర నుంచి కర్రకు నడిచాను. గాలి మనం రోజూ పీల్చేదానిలో సగం కంటే కాస్త ఎక్కువ. ఇరవై అడుగులు, ఆగడం, నాలుగు ఊపిరులు, ఇరవై అడుగులు. వెనక నుంచి ఒక్కసారి కూడా "త్వరగా బావా" అని వినపడలేదు. తొమ్మిదిన్నరకు రంగు జెండాలు కనిపించాయి. అవతల హిమ్‌లుంగ్, కాంగ్ గురు, అన్నపూర్ణ 2 శిఖరాలు. గాలి కోస్తోంది. పావుగంట కూడా నిలబడనివ్వలేదు దాయి. ఫొటోలో నా కళ్ళు మూసుకుని ఉన్నాయి.

అవతలి దిగుడు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. నా మటుకు ఎక్కుడు కంటే అదే భయం. గడ్డకట్టిన మంచు, దాని కింద జారే గులకరాళ్ళు. బూట్లకు ఇనప పళ్ళ గొలుసులు తగిలించుకున్నా రెండుసార్లు కూలబడ్డాను. భీమ్‌తాంగ్ చేరేసరికి దాదాపు పధ్నాలుగు వందల మీటర్లు దిగాం. మోకాళ్ళు నావి కావు అనిపించింది. తల మాత్రం తేలిగ్గా ఉంది.

ఆ మర్నాడు అడవి, తిలిజే ఊళ్ళో మధ్యాహ్న భోజనం, సాయంత్రానికి ధారాపానీ. మళ్ళీ జీపుల హారన్లు. టీ చెప్పి, సిగ్నల్ రాగానే ఇంటికి ఫోన్ చేశాను. దాటేశాం, అంతా బ్రహ్మాండంగా ఉంది అన్నాను.

"తలనొప్పి పూర్తిగా తగ్గిందా?" అంది మా ఆవిడ.

బల్లకు అవతల బావమరిది టీ కప్పులోకి చూస్తున్నాడు.