గెదెబ్‌లో ఒక పాతర

ఇథియోపియాలో పనిచేసొచ్చిన తెలుగు లెక్చరర్లు మనలో చాలామందే ఉన్నారు కాబట్టి వాళ్ళు తినే ఇంజెరా రొట్టె గురించి, పదమూడు నెలల క్యాలెండర్ గురించి, పొద్దున ఏడు గంటల్ని వాళ్ళు ఒంటిగంట అనడం గురించి నేను కొత్తగా రాసేదేం లేదు. నేను చెప్పాలనుకున్నది వేరే. 2015 నుంచి 2020 దాకా ఐదేళ్ళు దిల్లాలో అగ్రికల్చరల్ ఎకనామిక్స్ చెప్పాను, అందులో చివరి రెండేళ్ళు మాత్రం ఇప్పటికీ నన్ను వదల్లేదు.

దిల్లా అంటే అడిస్ అబాబా నుంచి కెన్యా బార్డర్‌లో మొయాలెకి పోయే రోడ్డు మీద ఒక 360 కిలోమీటర్లు కిందికి, గెదెఓ జోన్‌కి (జోన్ అంటే మన జిల్లా లాంటిది) హెడ్‌క్వార్టర్. ఇంకా ముందుకెళ్తే యిర్గచెఫె వస్తుంది, కాఫీ పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ పేరు తెలిసే ఉంటుంది. కొండలన్నీ పచ్చగా, పైన పెద్ద పెద్ద చెట్లు, వాటి నీడలో కాఫీ, కాఫీ మధ్యమధ్యలో అరటిలాగా ఎన్సెట్ అనే చెట్టు. నేను వెళ్ళిన కొత్తల్లో ఈ అరటికి గెలలు ఎందుకు రాలేదు అని అడిగితే పిల్లలంతా ఒకటే నవ్వు, టీచర్ దీని కాయ ఎవరూ తినరు, మేం చెట్టునే తింటాం అన్నారు. నిజంగానే చెట్టునే తింటారు. కాండాన్ని, దుంపని ఆడవాళ్ళు గీరి గీరి ఆ గుజ్జుని ఎన్సెట్ ఆకుల్లోనే చుట్టి, గొయ్యి తవ్వి పాతిపెడతారు, అది లోపల నెలల తరబడి పులుస్తుంది, కావాల్సినప్పుడు కొంచెం తీసి నీళ్ళు పిండేసి రొట్టె కాల్చుకుంటారు, దాన్ని కోచో అంటారు. వానలు రాకపోయినా, కాఫీ రేటు పడిపోయినా ఆ గుంత ఉంటే ఇల్లు గడుస్తుంది. మా కర్నూలు వైపు వాళ్ళకి ఒక్క మాటలో చెప్పాలంటే పాతర. మేం జొన్నలు దాచేవాళ్ళం, వాళ్ళు కోచో దాస్తారు, అంతే తేడా.

2018 ఏప్రిల్‌లో గెదెఓ జాతి వాళ్ళకీ, పక్కనున్న గుజి ఒరోమో జాతి వాళ్ళకీ మధ్య గొడవలు మొదలయ్యాయి. ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఇంకా పెద్దగా, మొత్తం కలిపి దాదాపు పది లక్షలమంది ఇళ్ళొదిలి పారిపోయారు. ఎక్కువమంది పక్క జోన్ అయిన వెస్ట్ గుజిలో ఉంటూ కాఫీ, ఎన్సెట్ పండించుకునే గెదెఓ వాళ్ళు, ఇటునుంచి అటు పోయిన గుజి వాళ్ళూ ఉన్నారు, ఆ సంగతి మర్చిపోకూడదు. భూమి తక్కువ, మనుషులు ఎక్కువ, జాతుల వారీగా గీసిన సరిహద్దులు, 1990ల్లో ఒకసారి ఇలాగే కొట్టుకున్న పాత గాయం, అన్నీ కలిశాయి. ఆ ఏడాది గొడవల వల్ల సొంత దేశంలోనే కొత్తగా చెల్లాచెదురైన కేసులు ప్రపంచంలోకెల్లా ఎక్కువ ఇథియోపియాలోనే, 29 లక్షలు. సిరియా కాదు, కాంగో కాదు. మన పేపర్లలో అయితే నాకు ఎక్కడా కనపడలేదు.

మా డిపార్ట్‌మెంట్ నుంచి ఒక సర్వేకని జూలైలో గెదెఓ జోన్‌లోనే ఉన్న గెదెబ్ వెళ్ళాం, అప్పటికి వానలు దంచి కొడుతున్నాయి. సగం కట్టి వదిలేసిన ఒక బిల్డింగ్, కిటికీలకి తలుపుల్లేవు, లోపల నేల మీద ఎన్సెట్ ఆకులు పరిచి దానిమీద జనం, ఒక కుటుంబానికీ ఇంకో కుటుంబానికీ మధ్య హద్దు ఏంటంటే ఒక ప్లాస్టిక్ క్యాను. పొగ, తడిబట్టల వాసన, పిల్లల దగ్గు. అక్కడే నా స్టూడెంట్ ఒకడు కనిపించాడు, జూన్ నుంచి క్లాసుకి రావట్లేదని నేను ఆబ్సెంట్ వేస్తూ వచ్చిన పిల్లవాడు. సారీ టీచర్ అన్నాడు. నాకేమనాలో తెలీలేదు, వాళ్ళు కష్టంలో ఉన్నవాళ్ళతో ఐజోహ్ అంటారు, ధైర్యంగా ఉండు అని, అదే అన్నాను.

వాళ్ళమ్మ పక్కనే కూర్చుని ఉంది. నా చేతిలో ఫారం ఉంది, అందులో ఒక ప్రశ్న, మీ ఊరికి తిరిగి వెళ్ళాలని ఉందా, అవును, కాదు, ఇంకా అనుకోలేదు. వాడు గెదెఓ భాషలో అడిగాడు. ఆమె అవుననలేదు కాదనలేదు. మీరు మా ఊరు చూసొచ్చారా అని అడిగింది. లేదన్నాను. అయితే ముందు వెళ్ళి నా కోచో గుంత ఉందో లేదో చూసి చెప్పండి, అప్పుడు చెప్తా అంది. ఆ ఫారంలో దానికి గడి లేదు.

నేను ఆ రోజు రాత్రి రూమ్‌కొచ్చి నిద్రపోలేదు, ఎందుకంటే ఆ మాట నేను చిన్నప్పుడు విన్నదే. మాది శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిన ఊరు. 1981లో, నాకు అప్పుడు ఆరేళ్ళు, ఆపరేషన్ డెమాలిషన్ అని దానికొక పేరు పెట్టి మరీ ఇళ్ళు కూలగొట్టారు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద ఊళ్ళకి పైగా పోయాయి. మా సామాను లారీలో పట్టినంత వేసుకున్నాం, పాతరలో జొన్నలు తీయడానికి టైం లేదు, రెండ్రోజుల్లో మళ్ళీ వచ్చి తీసుకుందాంలే అన్నాడు మా నాయన. వచ్చేసరికి గోడ పాతర మూత మీద కూలిపోయి ఉంది, అక్కడున్న మట్టి కుప్పల్లో ఏది మా ఇల్లో కూడా తెలీలేదంట. మా అవ్వ చచ్చిపోయేదాకా అదే మాట, "రెండేండ్ల జొన్నలురా అవి, బంగారమట్ల ఉండె". మాకు డబ్బులిచ్చారు, ఇళ్ళ స్థలం ఇచ్చారు. పాతర పోయిందని రాసుకున్నవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ఇప్పుడు అసలు సంగతి. బార్డర్ దాటితే రెఫ్యూజీ అంటారు, దానికి 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ఉంది. బార్డర్ దాటకుండా సొంత దేశంలోనే పారిపోతే చూడాల్సింది సొంత ప్రభుత్వమే, కొన్నిసార్లు ఆ ప్రభుత్వం వల్లే పారిపోయి ఉంటారు. ఐక్యరాజ్యసమితి 1998లో ఇలాంటివాళ్ళ కోసం గైడింగ్ ప్రిన్సిపుల్స్ పెట్టింది, అందులో ప్రాజెక్టుల కింద ఖాళీ చేయించడం గురించి కూడా ఉంది, అది చదివినప్పుడు మా ఊరు గుర్తొచ్చి కాసేపు పేజీ తిప్పలేకపోయాను. ఆఫ్రికా దేశాలు 2009లో కంపాలాలో కూర్చుని ఒక ఒప్పందం రాసుకున్నాయి, సభ్యదేశాలు కట్టుబడాల్సిన ఒప్పందం, 2012లో అమల్లోకొచ్చింది, ఇథియోపియా 2020లో దాన్ని ఆమోదించింది. శాశ్వత పరిష్కారం అంటే మూడు దారులు చెప్తారు: ఉన్న ఊరికి తిరిగెళ్ళడం, పారిపోయి వచ్చిన చోటే స్థిరపడటం, లేదా మూడో చోటికి వెళ్ళి బతకడం. ఏ దారైనా సరే ఆ మనిషి తనే ఎంచుకోవాలి, అన్నీ తెలుసుకుని ఎంచుకోవాలి. ఇల్లు పోగొట్టుకున్నందువల్ల వచ్చిన ప్రత్యేకమైన అవసరం ఏదీ మిగలనప్పుడు, దానివల్ల ఎవరూ వాళ్ళని చిన్నచూపు చూడనప్పుడు, అప్పుడే అది పరిష్కారం.

కానీ ఫీల్డ్‌లో జరిగేది ఏంటంటే, తిరిగెళ్ళడం ఒక్కటే పరిష్కారమన్నట్టు లెక్క రాస్తారు. 2019 మార్చిలో ప్రధాని అబీ అహ్మద్ గెదెబ్ వచ్చి చూశాడు, తర్వాత మే, జూన్ కల్లా జనం తలదాచుకున్న సైట్లు మూసేయడం మొదలైంది, బస్సులు, లారీలు పెట్టి ఊళ్ళకి పంపించారు, ఇక్కడ రేషన్ ఆగిపోతుందని తెలిశాక ఎవరు మాత్రం ఉంటారు. సంఖ్య తగ్గింది. వెళ్ళినవాళ్ళలో కొంతమంది భయమేసి మళ్ళీ వచ్చేశారు, కానీ ఒకసారి తిరిగెళ్ళినట్టు రాశాక వాళ్ళు ఏ లిస్టులోనూ లేరు, చుట్టాల ఇళ్ళల్లో, దిల్లా చివర్లలో ఒక గదికి పదిమంది. పంపాలనే తొందర నాకు కొంత అర్థమవుతుంది, ఆ బిల్డింగుల్లో ఏళ్ళ తరబడి ఉంచడం కూడా పాపమే. అయినా అక్కడ ఏముందో చూడకుండా పంపడం మాత్రం తప్పే.

ఏముందో నా స్టూడెంట్ ఫోటోలు తీసి పంపాడు. ఇల్లు కాలిపోయిన నల్లటి చదును, దానిమీద టార్పాలిన్. కాఫీ చెట్లు కొన్ని ఉన్నాయి. ఎన్సెట్ మొత్తం నరికేశారు. గుంత తెరిచి ఉంది, లోపల వాననీళ్ళు. నేను క్లాసులో చెప్పే లెక్కే ఇది: కాఫీ మొక్క పెడితే మూడు నాలుగేళ్ళకి కాపు, ఎన్సెట్ అయితే నాలుగైదేళ్ళు, చల్లటి కొండల మీద ఇంకా ఎక్కువ, ఆ తర్వాత పులియడానికి ఇంకొన్ని నెలలు. రేషన్ మాత్రం నెలల లెక్కన ఇస్తారు. ఆ మధ్యలో ఉన్న నాలుగేళ్ళు ఎవరు తిండి పెట్టాలి? ఇల్లు కట్టిస్తే సరిపోతుంది అనుకునేవాళ్ళు ఈ ఒక్క చెట్టు వయసు తెలుసుకున్నా చాలు, ప్లాను మొత్తం మారిపోతుంది.

పైగా కాగితాలు. కెబెలె అంటే మన పంచాయతీ లాంటిది, కెబెలె ఐడీ లేకపోతే ఏ పనీ సరిగ్గా జరగదు, అది ఇంటితోపాటు కాలిపోయింది. భూమి నీదే అనడానికి పక్కింటివాళ్ళు సాక్ష్యం చెప్పాలి, ఆ పక్కింటివాళ్ళు గుజి వాళ్ళు, నిన్నటిదాకా మీరు పారిపోయింది వాళ్ళ భయంతోనే. అందుకే గొందోరో గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది, రెండు జాతుల పెద్దలు కలిసి కూర్చుని చేసే రాజీ ఆచారం అది, తరతరాలుగా ఉంది. ఆఫీసర్ల మీటింగ్ కంటే ఆ పెద్దల మాటకే జనం ఎక్కువ విలువిస్తారని నా కళ్ళారా చూశాను. కానీ దాన్ని కూడా బస్సుల టైం టేబుల్‌కి తగ్గట్టు తొందరగా చేయించాలని చూస్తే జనానికి నమ్మకం కుదరదు, నా స్టూడెంట్ కూడా అదే అన్నాడు, టీచర్, పెద్దలు ఇంకా మాట్లాడుకుంటుండగానే మమ్మల్ని ఎక్కించారు అని.

ఈ సంగతులన్నీ అమ్మకి ఫోన్‌లో చెప్పేవాణ్ణి. "వాళ్ళకి ఎనక్కి పోనీకె భూమన్నా ఉంది గదరా, మనకేముంది, నీళ్ళు" అంది. నిజమే. ఎండాకాలం డ్యాంలో నీళ్ళు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడినప్పుడు మా వాళ్ళు ఇప్పటికీ వెళ్తారు, దేవుణ్ణి చూసి, అటునుంచి అటే బురదలో పునాదులు వెతుక్కుంటూ నడుస్తారు. ఇంటికో ఉద్యోగం అని 1986లో 98 జీవో ఇచ్చారు, మా పెదనాన్న కొడుకు అప్పుడు కుర్రోడు, ఇప్పుడు షష్టిపూర్తి వయసు, ఆ ఫైలు ఇంకా ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకునే ఉన్నాడు. నలభై ఏళ్ళు దాటినా మా ఇళ్ళల్లో ముంపు బాధితులం అనే మాట పోలేదు, అంటే మాకు పరిష్కారం దొరికినట్టా కానట్టా, క్లాసులో శాశ్వత పరిష్కారానికి చెప్పే ఎనిమిది ప్రమాణాలు బోర్డు మీద రాసి (భద్రత, జీవనం, బతుకుతెరువు, ఇల్లూ భూమీ, కాగితాలు, విడిపోయిన కుటుంబం కలవడం, ఓటు హక్కు లాంటివి, న్యాయం) మా ఇంటికి ఒక్కొక్కటీ టిక్ పెట్టుకుంటూ పోతే రెండు టిక్కుల దగ్గరే ఆగిపోయాను.

2020లో నా కాంట్రాక్ట్ అయిపోయింది, నేను వచ్చేసిన కొన్ని నెలలకే ఉత్తరాన తిగ్రాయ్‌లో యుద్ధం మొదలైంది, లక్షల మంది మళ్ళీ రోడ్డు మీదకి, ఇక గెదెఓ సంగతి అడిగేవాళ్ళే లేరు. నా స్టూడెంట్ మాత్రం మెసేజ్‌లు పెడుతూనే ఉన్నాడు. ఎన్సెట్‌కి మన అరటిలా దానంతట అదే పిలకలు రావు, దుంప నడిమొగ్గ తీసేసి పాతితే అప్పుడు చుట్టూ వస్తాయి. ఆ మొదటి దుంప వాళ్ళమ్మకి ఇచ్చింది పక్కింటి గుజి ఆవిడే అంట. తీసుకుందంట, పాతిందంట, కానీ చాలా రోజులు ఆ ఇంట్లో రాత్రిళ్ళు పడుకోలేదంట, పొద్దున వచ్చి చీకటి పడేలోపు రోడ్డు పక్క చుట్టాలింటికి పోయేదంట. వాళ్ళన్న అయితే అసలు తిరిగి వెళ్ళనే లేదు, దిల్లాలో బజాజ్ ఆటో నడుపుకుంటున్నాడు, అతనికి అదే ఊరు ఇప్పుడు.

2024లో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. అమ్మ కొత్త గుంత తెరిచింది టీచర్, వాసన మాత్రం అదే, పాతదాన్లాగే ఉంది అన్నాడు. గుంత ఎక్కడ తవ్వింది, పాత చోటేనా అని అడిగాను. కాదంట. ఎక్కడ తవ్విందో కూతురికి తప్ప ఎవరికీ చెప్పలేదంట, వాడికి కూడా.