వకాలత్ మీద సంతకం పెట్టినా కేసు మనదే

కోర్టు కేసులో ఉన్నవాళ్ళని "ఇప్పుడు ఏ దశలో ఉంది?" అని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే, "అంతా వకీలు గారికే తెలుసు". ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఓడితే పోయేది మన ఇల్లు, మన డబ్బు. అలాంటప్పుడు మనకి తెలియకపోతే ఎలా?

వకాలత్ అంటే మన తరఫున కేసు నడపమని ఇచ్చే అధికారం. అచ్చువేసిన ఫారంలో రాజీ చేసుకోవడం, కేసు వెనక్కి తీసుకోవడం లాంటివి కూడా తరచూ ఉంటాయి, మనం చదవకుండా గుమాస్తా చూపించిన చోట సంతకం పెట్టేస్తాం. దయచేసి చదవండి, ఒక కాపీ తీసుకోండి. క్లయింట్ ఒప్పుకోకుండా అతని హక్కులు వదులుకునే మాట కోర్టులో ఇచ్చే అధికారం మామూలుగా వకీలుకి ఉండదని సుప్రీంకోర్టు 2015లో ఒక హౌసింగ్ సొసైటీ కేసులో చెప్పింది. వాయిదాల కోసం వకీలుకి పదేపదే ఫోన్ చేయక్కర్లేదు కూడా. ప్రతి కేసుకీ 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది, ఈకోర్ట్స్ యాప్‌లో అది కొడితే తర్వాతి వాయిదా, ఇచ్చిన ఉత్తర్వులు కనిపిస్తాయి.

మలక్‌పేటలో మా పక్కింటి ఆంటీకి అన్నదమ్ములతో ఆస్తి పంపకం దావా నడుస్తోంది. వకీలు వాయిదాలకి రావడం మానేశాడు, ఫోన్ ఎత్తడు. వేరే వకీలుని పెట్టుకుంటానంటే, మిగతా ఫీజు కడితేనే ఫైలూ నో అబ్జెక్షనూ (కొత్త వకీలు రావడానికి తనకి అభ్యంతరం లేదనే సంతకం) ఇస్తానన్నాడట. ఆవిడ దస్తావేజుల ఒరిజినల్స్ కూడా అందులోనే ఉన్నాయి, పాపం ఎంత ఏడ్చిందో. కానీ ఫీజు బాకీ ఉందని క్లయింటు కాగితాలు పట్టి ఉంచుకునే హక్కు వకీలుకి లేదు, ఆర్.డి. సక్సేనా కేసులో 2000 సంవత్సరంలోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. బాకీ నిజంగా ఉంటే దావా వేసి వసూలు చేసుకోవాలి, అంతేగానీ ఫైలు ఆపకూడదు. నో అబ్జెక్షన్ ఇవ్వకపోయినా, వకాలత్ రద్దు చేసుకోవడానికి అనుమతి ఇవ్వమని మనమే కోర్టుని అడగొచ్చు.

ఆవిడ వైపు కూడా ఒక లోపం ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. కొన్నేళ్ళ కిందట తమ్ముడి దగ్గర డబ్బు తీసుకుని ఏదో కాగితం మీద సంతకం పెట్టిన సంగతి వకీలుకి చెప్పలేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలివాళ్ళు ఆ కాగితం బయటపెట్టాక వకీలు మాత్రం ఏం చేస్తాడు? మనకి వ్యతిరేకంగా ఉన్న విషయమే వకీలుకి ముందు చెప్పాలి. జరగబోయే నేరానికి సాయం అడగడం లాంటివి తప్ప, మనం చెప్పిన రహస్యాలు మన అనుమతి లేకుండా వకీలు బయటపెట్టకూడదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 132వ సెక్షన్ ఇదే. ఇక అఫిడవిట్‌లో అబద్ధం ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది సంతకం పెట్టిన మనమే, "వకీలు రాశాడు" అంటే కుదరదు. సివిల్ దావాలో సమన్లు అందితే 30 రోజుల్లో జవాబు వేయాలి, కోర్టు పొడిగించినా మామూలుగా 90 రోజులే, కాబట్టి ఆ కవరు బీరువాలో పెట్టి పండగ అయ్యాక చూద్దాం అనుకోకండి.

ఫీజు విషయం మొదటిరోజే మాట్లాడుకోండి, కోర్టు ఫీజు వేరు, వకీలు ఫీజు వేరు, కట్టినదానికి రసీదు అడగండి, ఒప్పుకున్నది టైముకి ఇవ్వండి. మన హైదరాబాద్ భూముల కేసుల్లో "గెలిస్తే ఇంత శాతం" అనే మాట వినిపిస్తూ ఉంటుంది, వకీళ్ళ మీద అజమాయిషీ ఉండే బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు, మీరు కూడా ఆశపెట్టకండి.

వకీలు నిజంగా మోసం చేస్తే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. వినియోగదారుల ఫోరంకి వెళ్ళడం కుదరదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు ఓడిపోవడం ఒక్కటే మోసం కాదు, అది గుర్తుంచుకుని రాయండి.

డబ్బు లేదని ఆగిపోయే ఆడవాళ్ళకి ఒక మాట. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది, న్యాయసేవల సంస్థ నంబరు 15100కి ఫోన్ చేయండి. అలా కేటాయించిన వకీలు మీ దగ్గర ఫీజు అడగకూడదు, అడిగితే ఆ సంస్థకే ఫిర్యాదు చేయండి.