దీర్ఘం పోయిన నూనె

2022 సంక్రాంతికి వారం ముందు మా ఆడపడుచు పూర్ణా మార్కెట్ నుంచి ఒక సీసా పట్టుకొచ్చింది. "వదినా, మన పచ్చడి అక్కడ కూడా వేస్తున్నారా? చెప్పనేలేదు" అంది.

మేం అక్కడ వెయ్యడం లేదు. సీసా మాత్రం అచ్చం మాదే. పసుపు స్టిక్కరు, ఎర్ర రొయ్య బొమ్మ, "వైజాగ్ రొయ్యల పచ్చడి" అని అవే వంకర అక్షరాలు. వెనక్కి తిప్పి చూస్తే పదార్థాల్లో "వేరుశనగ నునె". 2019లో డాబాగార్డెన్స్‌లో మొదటి వెయ్యి స్టిక్కర్లు కొట్టించినప్పుడు పడ్డ తప్పది. ఒక్క దీర్ఘం కోసం మళ్లీ డబ్బులెందుకని మేమే వదిలేశాం. వాళ్లు ఆ తప్పును కూడా దించేశారు. కింద పద్నాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు, అదీ మాదే!

నా ధైర్యమేమిటంటే, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఉంది, ఉద్యమ్ ఉంది, పేరు మాది కాకుండా ఎక్కడికి పోతుందని. తర్వాత తెలిసింది, వీటిలో ఏదీ పేరుకు సంబంధించింది కాదని. ఒకటి తినే సరుకు చేసుకోడానికి అనుమతి, రెండోది మనది చిన్న వ్యాపారమన్న కాగితం. పేరు మీద హక్కు కావాలంటే ట్రేడ్‌మార్క్ చెయ్యాలి.

మా వీధి చివరి ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి "అరగంట పని మేడమ్" అన్నాడు. ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి 4,500, కంపెనీలకైతే 9,000. ఫారంలో ఏ క్లాసని, అంటే ఏ రకం సరుకుకి ఆ పేరని అడిగితే "ఫుడ్ అంతా 30" అని కొట్టేశాడు. మొత్తం 45 క్లాసులున్నాయని అప్పుడు నాకేం తెలుసు. కొన్ని నెలలకు ట్రేడ్‌మార్క్ ఆఫీసు నుంచి ఎగ్జామినేషన్ రిపోర్టు వచ్చింది. సెక్షన్ 9 కింద అభ్యంతరం, నెల రోజుల్లో జవాబివ్వాలి. మా అబ్బాయి రెండుసార్లు చదివి, "అమ్మా, ఇది నాకు అర్థమయ్యేది కాదు" అన్నాడు.

అప్పుడు ద్వారకానగర్‌లో ఒక లాయరు దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. సీసా బల్ల మీద పెట్టించుకుని స్టిక్కరు మీద వేలితో ఒక్కో మాటా చూపించారు.

"అమ్మా, వైజాగ్ ఊరి పేరు. రొయ్యలు సరుకు. పచ్చడి వంట. ఇందులో మీదేముంది?"

నాకు ఒళ్లు మండింది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి రొయ్యలు తెచ్చేది నేను, వలిచేది మా అత్తగారు, నాదేముందంటాడేమిటి ఈయన? అదే అడిగాను. ఆయన నవ్వలేదు. "పచ్చడి మీదే. మాటలు ఊరందరివీ. రేపు జగదాంబ దగ్గర ఇంకొకావిడ రొయ్యల పచ్చడి పెడితే సీసా మీద ఏమని రాసుకోవాలి?"

దానికి నా దగ్గర జవాబు లేదు. సరుకేమిటో చెప్పే పేరైతే కొనేవాళ్లకు వెంటనే తెలుస్తుందని ముచ్చటపడి పెట్టుకున్నాం. సరిగ్గా అందుకే అది మాకు దక్కలేదు. పైగా క్లాసు కూడా తప్పే: పచ్చళ్లు 29లోకి వస్తాయి, కారప్పొడులు, మసాలాలు 30లోకి. మేం రెండూ అమ్ముతాం. ఆ దరఖాస్తు వదిలెయ్యమన్నారు. కట్టిన 4,500 తిరిగి రావు.

కొత్త పేరు కోసం ఇంట్లో పది రోజులు గొడవ. చివరికి మా అత్తగారు పిల్లలకు ముద్దలు పెడుతూ అనే ఒక మాట ఖాయమైంది. అదేమిటో ఇక్కడ రాస్తే సరుకు అమ్ముకోడానికి రాసినట్టుంటుంది, రాయను. ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్లో వెతకడానికి డబ్బేమీ అక్కర్లేదు. అచ్చంగా అదే పేరు ఉందా అని చూస్తే చాలదట, పలికితే దగ్గరగా వినిపించేవి కూడా చూడాలి. తెలుగు లిపిలో పెడుతున్నాం కాబట్టి ఇంగ్లీషులో ఉచ్చారణ, అర్థం ఇవ్వాలన్నారు. అర్థం ఏమిటంటే మా అత్తగారికే తెలీదు. "అర్థం లేని మాటైతే ఇంకా మంచిది" అన్నారు లాయరు గారు, మొదటిసారి నవ్వుతూ.

రెండు క్లాసులు, రెండు ఫీజులు, మొత్తం 9,000. ఆయన ఫీజు వేరు. ఇంకో పని కూడా చేయించారు. బొమ్మ గీసిన డీటీపీ కుర్రాడి చేత, దాని కాపీరైట్ మాకు ఇచ్చేస్తున్నట్టు కాగితం రాయించి సంతకం పెట్టించారు. డబ్బిచ్చి గీయించుకుంటే మనదైపోయినట్టేనని అంతవరకూ నా లెక్క.

29 ఏ అడ్డూ లేకుండా వెళ్లింది. 30లో మాత్రం ఏదో మసాలా పేరు మాదానికి దగ్గరగా ఉందని సెక్షన్ 11 అభ్యంతరం. చెన్నై వెళ్లాలేమోనని భయపడ్డాను. మన రాష్ట్రానికి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ అక్కడే కదా. హియరింగ్ వీడియోలోనే అయిపోయింది. లాయరు గారు మాట్లాడారు, ఐదు నిమిషాలు పట్టిందేమో. తర్వాత మా పేరు ట్రేడ్‌మార్క్ జర్నల్లో పడింది. అది సోమవారం సోమవారం వస్తుంది. అందులో పడ్డాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. ఎవరూ పెట్టలేదు కానీ, జర్నల్లో మా అడ్రసు చూసి కాబోలు, "మీ మార్కుకి ప్రమాదం, వెంటనే ఇంత కట్టండి" అని రెండు ఉత్తరాలొచ్చాయి. చింపి పారేశాను.

ఆ నాలుగు నెలలూ సీసా మీద టీఎమ్ అనే వేసుకున్నాం. సున్నాలో ఆర్ అంటే రిజిస్టరైందని గుర్తు, రిజిస్టర్ కాకుండా అది వేస్తే నేరం, మూడేళ్ల దాకా జైలు పడొచ్చట. సర్టిఫికెట్ పీడీఎఫ్‌గా వచ్చింది. పదేళ్లు చెల్లుతుంది, అదీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి లెక్క. మా అత్తగారు ఫోన్ దూరంగా పట్టుకుని చూసి, "ఏటమ్మా, ఇన్నాళ్లు తిరిగి తెచ్చింది ఈ బొమ్మేనా?" అన్నారు.

పూర్ణా మార్కెట్ సీసా సంగతి చెప్పలేదు కదూ. ఇదంతా తేలేదాకా ఆగలేదు, ముందే నోటీసు వెళ్లింది. పేరు మీద కాదు. పసుపు స్టిక్కరు, బొమ్మ, అక్షరాలు చూసి జనం మాదే అనుకుని కొంటున్నారని, పైగా మా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు వేశారని. రిజిస్టర్ కాకపోయినా ముందునుంచి వాడుతున్నవాళ్లకు ఆ దారి ఉందట. రుజువుకు పనికొచ్చింది రేషన్ కార్డు కవర్లో దాచిన 2019 నాటి ప్రెస్సు బిల్లు, దానికి పిన్ను కొట్టి ఉన్న మొదటి స్టిక్కరు. దీర్ఘం లేని నూనె చూపించి లాయరు గారు "దీన్ని మించిన సాక్షి లేదమ్మా" అన్నారు.

వాళ్లు జవాబు రాయలేదు గానీ స్టిక్కరు మార్చేశారు. మొన్న అటు వెళ్లినప్పుడు చూశాను. ఆకుపచ్చ రంగు, వేరే బొమ్మ, వేరే నంబరు. పైన పెద్ద అక్షరాలతో "వైజాగ్ రొయ్యల పచ్చడి" అలాగే ఉంది. దానికి నేను చేసేదేమీ లేదు. వెనక్కి తిప్పి చూశాను. ఈసారి నూనెకి దీర్ఘం పెట్టారు.