మా ఇంట్లో రెండు కులాలు

మా నాన్నా బాబాయీ ఒకే తల్లి పిల్లలు. కనిగిరి వైపు ఒక మాదిగపల్లెలో పుట్టారు. బాప్తిస్మం కూడా ఇద్దరిదీ ఒకే చర్చిలో. రికార్డుల్లో మాత్రం నాన్న బీసీ-సీ, బాబాయి ఎస్సీ. బళ్లో మతం అడిగితే నాన్న క్రైస్తవం అని రాయించుకున్నాడు, బాబాయి హిందూ అన్నాడు. తేడా అంతే.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలకీ వాళ్ల పిల్లలకీ మన దగ్గర బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది. ఆ ఒక్క శాతంలో నాన్నకి ఉద్యోగం దొరకలేదు. బేల్దారి పని నేర్చుకుని మమ్మల్ని చదివించాడు. బాబాయి సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాడు.

విశ్వాసం కోసం శ్రమలు, అంటే బాధలు పడటం, అనగానే ప్రసంగాల్లో రోమా చక్రవర్తులూ సింహాలూ వచ్చేస్తాయి. మా వైపు శ్రమ ఎప్పుడూ కూటి మీదకే వచ్చింది. 1866లో తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకున్నాక ఆ చుట్టుపక్కల మాదిగలు ఒక్కొక్కరే కదిలారు. ఆదివారం పనిచేయం, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం అన్నారు. ఇప్పుడు వింటే చిన్న మాటల్లా ఉంటాయి. కానీ ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావికి తోలు బాన కుట్టేది వాళ్లు, జాతరలో డప్పు కొట్టేది వాళ్లు. కళ్లంలో వాళ్లకి కొలిచే గింజలు ఆ పనులకే. డప్పు కొట్టం అంటే ఊరు ఊరుకుంటుందా? బావి దగ్గరికి రానివ్వలేదు, పనులు ఆపేశారు, దొంగ కేసులు పెట్టారు. అయినా నిలబడ్డారు.

వీళ్లంతా పాలపొడి కోసం మారారని నేను ఉద్యోగం చేసే చోట కూడా విన్నాను. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలవ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పాలపొడి మాట అన్నవాళ్లకి ఇది చెబితే టాపిక్ మార్చేస్తారు, అది వేరే సంగతి.

బాబాయిని పిరికివాడు అనేవాళ్లు మా సంఘంలో ఉన్నారు. నేను అనను. ఆయన్ని చర్చిలో పిలిచే పేరు ఒకటి, సర్వీసు రిజిస్టరులో ఇంకొకటి. చెల్లి పెళ్లికి రెండు రకాల శుభలేఖలు అచ్చు వేయించాడు. బైబిల్ వాక్యం ఉన్నవి బంధువులకి, లేనివి ఆఫీసుకి. క్రిస్మస్ ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దని పిల్లలకి ముప్పై ఏళ్లు కాకుండానే బీపీ తెప్పించేంత జాగ్రత్తలు చెప్పేవాడు. ఎవరైనా తన మీద అర్జీ పెడితే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందని జీవితమంతా టెన్షన్. అదీ శ్రమే. కాకపోతే దాని గురించి ఆదివారం సాక్ష్యం చెప్పుకోలేడు.

2025లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో తీర్పు ఇచ్చింది. కులం పేరుతో తిట్టి కొట్టారని ఆయన ఫిర్యాదు. మతం మారినవాడికి ఎస్సీ హోదా ఉండదు కాబట్టి అట్రాసిటీ చట్టం వర్తించదని కేసు కొట్టేశారు. పేపర్లో చదివి బాబాయి నాన్నకి ఫోన్ చేశాడు.

"అన్నా, కొట్టేవాడు మన సర్టిఫికెట్ చూసి కొడతాడా?"

నాన్న దగ్గర దానికి జవాబు లేదు. పేతురు పత్రికలో క్రైస్తవుడిగా బాధపడితే సిగ్గుపడొద్దని ఉందిగా, అన్నాడు. బాబాయికి చిర్రెత్తింది. "సిగ్గు గురించి కాదన్నా, కేసు గురించి మాట్లాడుతున్నా." నాకు బాబాయి మాటే సబబుగా తోచింది. ఓర్చుకోవడం మా వంతు అయితే, మా ఓర్పు మీద చట్టం చేయడం ఎవరి వంతు? దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. ఈ సంగతి తేల్చమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను కేంద్రం 2022లోనే వేసింది. కమిషన్లకు గడువులు పెరుగుతాయి, పిల్లల వయసు ఆగదు కదా.

మా పాప ఈ ఏడాది ఇంజినీరింగ్ సీటుకి దరఖాస్తు చేసింది. కేటగిరీ దగ్గర బీసీ-సీ అని తనే నింపేసింది. నన్ను అడగలేదు, తాతనీ అడగలేదు. బాబాయి మాత్రం ఫీజుకి తక్కువైతే చెప్పమని కబురు పెట్టాడు.