ఎడిన్‌బరా పట్టభద్రుల వెంట ఒక నడక: నా అనుభవం

ఎడిన్‌బరా యూనివర్సిటీలో కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేస్తున్నప్పుడు, కొత్త బ్యాచ్‌లో వచ్చే తెలుగు విద్యార్థుల కోసం ఒక నడక తయారు చేసే పని తీసుకున్నాను. లైబ్రరీ ఎక్కడ, క్యాంటీన్ ఎక్కడ అని చూపించే నడక కాదు. ఇక్కడ చదువుకుని వెళ్లినవాళ్లు ఎవరు, చదువయ్యాక ఏ దారి పట్టారు అన్నది ఆయా చోట్లే నిలబడి చెప్పే నడక. గ్లాస్గోలోనో మాంచెస్టర్‌లోనో ఎవరైనా ఇలాంటిది చేయాలనుకుంటే పనికొస్తుందని, నేను ఎలా చేశానో రాస్తున్నాను.

ఈ యూనివర్సిటీ 1582లో పుట్టింది. అంత పాత చోట పేర్లకు కరువుండదు. డార్విన్, షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్, టాంజానియా తొలి అధ్యక్షుడు జూలియస్ నైరేరే, బ్రిటన్ మాజీ ప్రధాని గోర్డన్ బ్రౌన్... కూర్చున్న కాసేపట్లోనే కాగితం నిండిపోయింది. దాన్ని తీసుకెళ్లి ఇక్కడే పీహెచ్‌డీ చేస్తున్న మా ఊరి అక్కకు చూపించాను. ఆమె పైనుంచి కింది దాకా చూసి, "వీళ్లలో పట్టా పుచ్చుకున్నదెవరు, క్లాసులో కూర్చుని వెళ్లిపోయిందెవరు? ముందు అది తేల్చుకో. అసలు పట్టా ఇవ్వకుండా పంపించేసిన వాళ్లున్నారు, వాళ్లనెక్కడ పెడతావు?" అని అడిగింది.

ఆ మాటతో పని రూపమే మారిపోయింది. కాగితాన్ని మూడు గళ్లు చేశాను: పట్టా తీసుకున్నవాళ్లు, మధ్యలో వెళ్లిపోయినవాళ్లు, చదివినా పట్టా ఇవ్వనివాళ్లు. ఎక్కడ చూసినా జాబితాల్లో ఈ మూడు రకాలవాళ్లనూ కలిపేసి గొప్ప పూర్వ విద్యార్థులు అంటారు. నాకు మాత్రం విడదీసి చూసినప్పుడే ఒక్కొక్కరి జీవితం సరిగ్గా కనబడింది.

డార్విన్ రెండో గడిలోకి వెళ్లాడు. 1825లో పదహారేళ్ల వయసులో డాక్టరు చదువుకు వచ్చాడు. అప్పటికి మత్తుమందు లేదు. రోగి కేకలు పెడుతుంటే ఆపరేషన్ చేసేవాళ్లు. అది చూడలేక 1827లో చదువు వదిలేసి వెళ్లిపోయాడు, పట్టా తర్వాత కేంబ్రిడ్జిలో తీసుకున్నాడు. అలాగని ఇక్కడ గడిపిన కాలం వృథా పోలేదు. తను అద్దెకున్న లోథియన్ స్ట్రీట్‌లోనే జాన్ ఎడ్మన్‌స్టన్ అనే ఆయన ఉండేవాడు. గయానాలో బానిసగా ఉండి విడుదలై వచ్చిన నల్లజాతి మనిషి. చచ్చిన పక్షుల చర్మం చెడకుండా ఒలిచి, లోపల దట్టించి నిలబెట్టే పని డార్విన్‌కు డబ్బు తీసుకుని నేర్పించింది ఆయనే. తర్వాత ఓడెక్కి ప్రపంచం తిరిగినప్పుడు డార్విన్ పక్షుల్ని భద్రపరిచింది ఈ విద్యతోనే. కాబట్టి ఆ వీధిలో ఆగినప్పుడు నేను డార్విన్ పేరు కన్నా ముందు ఎడ్మన్‌స్టన్ పేరు చెబుతాను.

డార్విన్‌ను తరిమేసిన ఆ కేకలకు మందు కూడా ఈ ఊళ్లోనే దొరికింది. ఇక్కడే ఎండీ పుచ్చుకున్న జేమ్స్ యంగ్ సింప్సన్ 1847లో క్లోరోఫాం పీల్చి చూసి మత్తుమందుగా వాడటం మొదలుపెట్టాడు. ఆ కథ మన హైదరాబాదు దాకా వచ్చింది. ఎడిన్‌బరాలో చదివిన ఎడ్వర్డ్ లారీ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో సర్జన్‌గా ఉంటూ, క్లోరోఫాం వల్ల ఆగేది ఊపిరా, గుండెనా అని తేల్చడానికి 1888, 1889లలో రెండు హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు నడిపించాడు. రెండోదానికి నిజాం డబ్బుతో లండన్ నుంచి వచ్చిన లాడర్ బ్రంటన్ కూడా ఎడిన్‌బరా పట్టభద్రుడే. ముందు ఊపిరే ఆగుతుందని, గుండెకు భయం లేదని వాళ్లు తేల్చింది తర్వాతి కాలంలో నిలబడలేదు. కానీ లారీ దగ్గర చదువుకున్న రూపాబాయి ఫర్దూన్‌జీ మత్తు డాక్టరుగా పేరు తెచ్చుకుని, పై చదువుకు ఎడిన్‌బరాకే వచ్చారు. హైదరాబాదు వీధులు తెలిసిన పిల్లలకు ఇది చెబితే ముఖాలు ఎలా వెలుగుతాయో చూడాలి.

ఎవరిది ఏ గడి అని తేల్చడానికి ఇంటర్నెట్ ఒక్కటే నమ్ముకోలేదు. జార్జ్ స్క్వేర్‌లోని మెయిన్ లైబ్రరీలో పాత రికార్డుల విభాగం ఉంది. ముందుగా ఏం చూడాలో రాసి పంపి, టైం బుక్ చేసుకుని వెళ్లాలి. బ్యాగు బయట పెట్టాలి, పెన్ను లోపలికి తీసుకెళ్లకూడదు, పెన్సిల్ మాత్రమే. పుస్తకం తెచ్చి మెత్తటి స్పాంజి దిమ్మెల మీద సగమే తెరిచి పెడతారు. వెన్ను విరగకుండా అన్నమాట. పేజీ లేవకుండా బరువున్న పూసల దండ లాంటిది వేస్తారు. చేరినప్పుడు విద్యార్థులు సంతకాలు చేసిన పుస్తకాలు వేరు, పట్టాలు ఇచ్చిన జాబితాలు వేరు. మొదటి దాంట్లో పేరుండి రెండో దాంట్లో లేకపోతే, మధ్యలో ఏం జరిగిందో వెతకాలి. నా పని అసలు అక్కడే మొదలైంది.

మూడో గడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 1869లో సోఫియా జెక్స్-బ్లేక్ మొదలుకుని ఏడుగురు ఆడవాళ్లు ఇక్కడ మెడిసిన్‌లో చేరారు. బ్రిటన్ యూనివర్సిటీల్లో పేరు నమోదు చేయించుకున్న తొలి మహిళలు వాళ్లే. అందులో ఈడిత్ పీచీ అనే అమ్మాయి కెమిస్ట్రీ పరీక్షలో మొదటిసారి రాసినవాళ్లందరి కంటే ముందు నిలిచింది. అలా వచ్చినవాళ్లకు హోప్ స్కాలర్‌షిప్ అని ఒకటి ఇవ్వాలి. కెమిస్ట్రీ ప్రొఫెసర్ క్రమ్ బ్రౌన్ ఇవ్వలేదు. ఆడవాళ్లకు క్లాసు వేరే వేళలో జరిగింది కాబట్టి ఆమె ఈ క్లాసు విద్యార్థిని కాదన్నాడు. ఆమె కంటే తక్కువ మార్కులు వచ్చిన మగపిల్లలకు ఆ డబ్బు వెళ్లింది. ఇంకా బాధ ఏమిటంటే, ఆ స్కాలర్‌షిప్ నిధి అంతకు ముందు హోప్ అనే ప్రొఫెసర్ ఆడవాళ్లకు చెప్పిన కెమిస్ట్రీ పాఠాల ఫీజులతో పెట్టింది.

1870 నవంబర్ 18న వాళ్లు అనాటమీ పరీక్ష రాయడానికి సర్జన్స్ హాల్‌కు వెళ్తుంటే గుంపు అడ్డుపడింది, బురద విసిరింది, గేటు మూసేసింది. అయినా వాళ్లు లోపలికి వెళ్లి పరీక్ష రాశారు. చివరికి 1873లో కోర్టు కూడా యూనివర్సిటీ పక్షానే నిలిచింది, పట్టా దక్కలేదు. పీచీ స్విట్జర్లాండ్ వెళ్లి బెర్న్‌లో ఎండీ తీసుకుంది. 1883లో బొంబాయి వచ్చి కామా ఆసుపత్రి బాధ్యత చూసింది, నర్సులకు శిక్షణ మొదలుపెట్టింది, బాల్యవివాహాలకు వ్యతిరేకంగా సభల్లో మాట్లాడింది. ఆ ఏడుగురికీ ఎడిన్‌బరా గౌరవ పట్టాలు ఇచ్చింది 2019 జూలైలో. వాళ్ల తరఫున అందుకున్నది అప్పట్లో ఇక్కడ మెడిసిన్ చదువుతున్న అమ్మాయిలు. నూట యాభై ఏళ్లు పట్టింది. ఆలస్యంగానైనా ఇచ్చారని సంతోషించేవాళ్లున్నారు. నాకు మాత్రం సర్జన్స్ హాల్ గేటు ముందు నిలబడి ఈ కథ చెప్పిన ప్రతిసారీ కోపమే వస్తుంది.

అదే హోప్ బహుమతి మళ్లీ ఇంకో చోట కనబడింది. ఈసారి పేరు అఘోరనాథ్ చటోపాధ్యాయ. బెంగాల్ నుంచి వచ్చి, అదే క్రమ్ బ్రౌన్ కాలంలో కెమిస్ట్రీ చదివి, హోప్ బహుమతి గెలుచుకుని, 1875లో డీఎస్సీ (డాక్టర్ ఆఫ్ సైన్స్) పట్టా తీసుకున్నారు. తర్వాత హైదరాబాదు వచ్చి మొదలుపెట్టిన కాలేజీయే 1887లో నిజాం కాలేజీ అయింది. సరోజినీ నాయుడు ఆయన కూతురు. ఆమె పెళ్లి చేసుకున్న డాక్టర్ గోవిందరాజులు నాయుడు కూడా ఎడిన్‌బరాలో మెడిసిన్ చదివి వచ్చినవారే. నేను బీఎస్సీ చేసింది నిజాం కాలేజీలో. మా కాలేజీ తొలి ప్రిన్సిపాల్ చదివిన సబ్జెక్టే, ఆయన చదివిన యూనివర్సిటీలోనే చదువుతున్నానని తెలిసిన రోజు రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

అఘోరనాథ్ గారి ఉద్యోగం కూడా సాఫీగా సాగలేదు. 1883లో చాందా రైలు మార్గం వేసే వ్యవహారంలో లెక్కలు బయటపెట్టమని అడిగినవాళ్లలో ఆయనొకరు. దాంతో ఉద్యోగం తీసేసి, రాజ్యం విడిచి వెళ్లమన్నారు. తర్వాత మళ్లీ పిలిచి పెట్టుకున్నారు. నాంపల్లిలో ఆ కుటుంబం ఉన్న ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్. 1974లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదలైంది ఆ ఇంట్లోనే. ఒక ఎడిన్‌బరా పట్టా వెనకాల రెండు విద్యాసంస్థల మొదలు కనబడటం నన్ను బాగా కదిలించింది. అందుకే నడక మధ్యలో ఎక్కువసేపు ఆగేది ఆయన దగ్గరే.

గళ్లు నిండాక దారి గీయడం తేలికైంది. సర్జన్స్ హాల్ దగ్గర మొదలు, అక్కణ్నుంచి ఓల్డ్ కాలేజీ, లోథియన్ స్ట్రీట్, చివరికి మెక్ఎవన్ హాల్. ఒక్కో చోట ఒకరి కథ కంటే ఎక్కువ పెడితే కాళ్లు పీకుతాయి, చెవులు మూసుకుపోతాయి. కాబట్టి గోర్డన్ బ్రౌన్‌కు రెండు వాక్యాలే దక్కాయి: పదహారేళ్లకే చేరాడు, విద్యార్థిగా ఉండగానే యూనివర్సిటీ పాలకమండలికి అధ్యక్షత వహించే రెక్టర్‌గా ఎన్నికయ్యాడు. కోనన్ డాయిల్ 1881లో పట్టా తీసుకున్న డాక్టరు. రోగి నోరు తెరవకముందే అతని వృత్తి, వచ్చిన ఊరు చెప్పగలిగిన జోసెఫ్ బెల్ అనే గురువు దగ్గర పనిచేశాడు కాబట్టే హోమ్స్ పుట్టాడు. ఇది చాలామందికి తెలిసిందే, అందుకని నడుస్తూ చెప్పేశాను.

మెక్ఎవన్ హాల్ దగ్గర చెప్పాల్సింది టోపీ గురించి. పట్టా ఇచ్చేటప్పుడు విద్యార్థి తల మీద ఒక పాత టోపీ తాకిస్తారు. అది మత సంస్కర్త జాన్ నాక్స్ లాగుతో కుట్టిందని తరతరాలుగా చెప్పుకుంటారు. పియర్స్ సెల్లర్స్ ఇక్కడ పర్యావరణ శాస్త్రం చదివి, నాసాలో వాతావరణ మార్పుల మీద పనిచేసి, వ్యోమగామి అయ్యాడు. 2006లో అంతరిక్షంలోకి వెళ్తూ యూనివర్సిటీ చిహ్నం ఒకటి తీసుకెళ్లాడు. తిరిగొచ్చాక దాన్ని ఆ టోపీకి కుట్టారు. రేపు మీ తల మీద తాకేది అదే అని చెబితే, ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తారు.

నడక అయ్యాక గుంటూరు నుంచి వచ్చిన ఒక తమ్ముడు పక్కకు పిలిచి, "అన్నా, ఇవన్నీ బాగున్నాయి గానీ నాకు లోన్ టెన్షన్ పట్టుకుంది. వీళ్లందరికీ దిగగానే ఉద్యోగాలొచ్చాయా?" అని అడిగాడు. అది అడగాల్సిన ప్రశ్నే. ప్రఫుల్ల చంద్ర రే గురించి చెప్పాను. ఆయనా హోప్ బహుమతి గెలిచినవారే. 1887లో ఇక్కడ డీఎస్సీ తీసుకుని, మరుసటి ఏడు కలకత్తా వెళ్లారు. చేతిలో అంత పట్టా ఉండీ దాదాపు ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చింది. విద్యాశాఖలో పై సర్వీసు తెల్లవాళ్లకే దక్కేది. చివరికి ప్రెసిడెన్సీ కాలేజీలో నెలకు 250 రూపాయల కింది స్థాయి ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగం చేస్తూనే మెర్క్యురస్ నైట్రైట్ అనే పాదరసం సమ్మేళనం మీద పరిశోధన చేశారు, బెంగాల్ కెమికల్స్ పెట్టారు, మన దేశానికి ఒక తరం రసాయన శాస్త్రవేత్తల్ని తయారు చేశారు. "ఏడాది పట్టిందా ఆయనకే?" అన్నాడు ఆ తమ్ముడు. అవును, ఏడాది పట్టింది. తర్వాత ఇద్దరం కూర్చుని అతని సీవీ చూశాం.

ఇప్పుడు ఈ నడక వివరాలున్న ఫైలు తర్వాతి బ్యాచ్ దగ్గరుంది. ఈసారి నైరేరేకు ఇంకాస్త సమయం ఇస్తామన్నారు. 1952లో ఎంఏ పట్టా తీసుకుని వెళ్లి, బడిపంతులుగా పనిచేసి, దేశానికి స్వాతంత్ర్యం తెచ్చి, అధ్యక్షుడయ్యాక కూడా గురువుగారు అని పిలిపించుకున్న మనిషి కాబట్టి నేనూ సరేనన్నాను. మీ యూనివర్సిటీలో ఇలాంటిది మొదలుపెట్టేవాళ్లు ముందుగా రికార్డుల విభాగానికి రాయండి. ఏ ఊరి నుంచి వచ్చినవాళ్ల గురించి వెతుకుతున్నారో, ఏ సంవత్సరాలో స్పష్టంగా చెబితే అక్కడి సిబ్బంది ఎంతో ఓపిగ్గా సాయం చేస్తారు. పెన్సిల్ మాత్రం మీరే తీసుకెళ్లండి.